పెద్దయ్యగారి అరుగు

చిమ్వాలా,
18 మే 1996

నా తర్వాత వచ్చి, నాకంటే ముందే వెళ్ళిపోయిన వైసన్‌కు,

ప్రభువు నిన్నూ, లిజినెట్‌నూ, పిల్లలు ముగ్గురినీ చల్లగా చూడాలని రోజూ అడుగుతున్నాను. మీ సామాను లారీకెక్కిన రోజు వీడ్కోలు చెప్పడానికి రాలేకపోయాను. మోకాళ్ళు. మన దగ్గర మేలో చలి మొదలైతే అవి నా మాట వినవని నీకు తెలుసు.

నువ్వు కసుంగులో మీ అక్క ఇంట్లో దిగావనీ, పాస్టరు పనికి రాజీనామా రాసి సంఘాల మండలికి పంపావనీ బస్సు కండక్టరు చెప్పాడు. మండలి జూలై ఇరవయ్యో తారీఖున కూర్చుంటుంది. అంటే ఆ కాగితం ఇంకా ఎవరూ ఆమోదించలేదు. రెండు నెలలు చేతిలో ఉన్నాయి. వెనక్కి తీసుకో నాయనా. ముప్ఫై నాలుగేళ్ళకే కాడి దించేసే మనిషివి కావు నువ్వు. చిమ్వాలా కాకపోతే ఇంకో సంఘం ఇస్తారు. ఒక ఇంట్లో పొయ్యి రాజుకోలేదని ఎవరైనా వంట మానేస్తారా?

నలభై ఒక్క ఏళ్ళు ఈ పని చేశాను. చివరి పన్నెండేళ్ళూ ఈ చిమ్వాలాలోనే. కాబట్టి నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుందనుకుంటున్నాను. ఇంకో ఊరికి వెళ్ళినప్పుడు పనికొస్తాయి.

చావింటికి వెళ్ళినప్పుడు గడియారం చూడకు. నువ్వు వచ్చిన రెండో వారమే నాబండా ముసలమ్మ పోయింది, గుర్తుందా? ఆడవాళ్ళు లోపల శవం చుట్టూ కూర్చుని పాడుతున్నారు. నువ్వు నల్లకోటు వేసుకుని, పుస్తకం పట్టుకుని వాకిట్లో నిలబడ్డావు. ఒక్కసారి గడియారం చూశావు. ఒక్కసారే, నిజమే, కాని దాన్ని మూడు వందల మంది చూశారు. అప్పుడే సంఘపెద్ద చిసాలే నావైపు తిరిగి, "పెద్దయ్యగారూ, మీరు మొదలెట్టండి. ఆ అమ్మ మీ చేతుల మీద బాప్తిస్మం తీసుకున్న మనిషి" అన్నాడు. చావింట్లో ప్రార్థన చెయ్యమంటే కాదనేదెలా? లేచాను. నువ్వు పక్కకి జరిగావు. జరగకుండా ఉండాల్సింది వైసన్. కాపరి పక్కకి జరిగితే మందకి తెలిసిపోతుంది.

ఎవరి ఇంటికి వెళ్ళినా కుర్చీ తెచ్చేదాకా నిలబడకు. చాప ఉంటే చాప మీద, లేకపోతే నేల మీద కూర్చో. మొక్కజొన్నపిండి న్సీమా ముద్దతో గుమ్మడాకు కూర పెడితే గుమ్మడాకు కూరే తిను. ఆ ఇంటి పెద్దావిడ పేరు అడుగు, ఆవిడ తల్లి పేరు అడుగు. మన జనం తల్లి పేరుతో బతికే జనం. ఈ సంగతి సెమినరీలో చెప్పరు.

ఇక చిసాలే సంగతి. అతను రెండో ఇల్లు పెట్టాడు. తప్పే. నువ్వు ప్రభువు బల్ల దగ్గర పంచే రొట్టెకు దూరం పెట్టావు. నియమమే. కాని ఆ మందిరానికి ఇటుకలు కాల్చింది చిసాలే తండ్రి, కప్పు రేకులు మోసుకొచ్చింది చిసాలే. అలాంటి మనిషిని శిక్షించే ముందు పదిసార్లు అతని ఇంటికి వెళ్ళాలి. నువ్వు రెండుసార్లు వెళ్ళావని విన్నాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనుకునే వయసు నీది, అందుకని తప్పు పట్టను.

మా ఇంటావిడ ఎనెలెసి నిన్ను అడిగానని రాయమంది. మీ చిన్నదానికి పళ్ళు వచ్చాయా అని కూడా అడిగింది. రాజీనామా వెనక్కి తీసుకున్నానని ఒక్క ముక్క రాయి చాలు.

నీ మేలు కోరే,
రెవరెండ్ లెవిసన్ చిమ్తెంగో

*

చిమ్వాలా,
15 జూన్ 1996

వైసన్ నాయనా,

నువ్వు జవాబు రాయలేదు. రాయకపోవడమే మంచిదైంది. రాసి ఉంటే నేను ఇంకా నాలుగు సలహాలు పంపి ఉండేవాణ్ణి.

నిన్న సాయంత్రం ఎనెలెసి అరుగు మీద కూర్చుని వేరుసెనక్కాయలు ఒలుస్తోంది. నేను పక్కన కుర్చీలో ఉన్నాను. "ఆ కుర్రాడికి అంత ఉత్తరం రాశాను. రెండు ముక్కలు రాయడానికి తీరిక లేదు చూడు" అన్నాను.

"ఏం రాస్తాడు?" అంది, తలెత్తకుండా.

"అందిందని రాయొచ్చుగా."

"నూతిలోకి తోసి, గట్టు మీద నిలబడి ఈత ఎలా కొట్టాలో చెప్పారు. అందిందనే రాయాలా?"

నలభై మూడేళ్ళ కాపురంలో ఎనెలెసి నాతో ఇలా మాట్లాడిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నాకు కోపం వచ్చింది. నేనెవర్ని తోశాను, ఎప్పుడు తోశాను అని గట్టిగానే అడిగాను.

"ఆ రోజు మీ అందరికీ థోబ్వా జావ కలిపిచ్చింది నేనేగా. ముగ్గురు సంఘపెద్దలు, ఓ కాగితం, మీ కళ్ళజోడు. నాకు చదువు రాదు సరే. చెవులు కూడా లేవనుకున్నారా?"

ఆ మాట అని చాట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను అక్కడే కూర్చుండిపోయాను. నా దగ్గర ఉన్న సమాధానం నీకు చెప్పాల్సింది, ఆవిడకి కాదు. అందుకే ఇది రాస్తున్నాను. చదివాక చింపెయ్యాలనిపిస్తే చింపెయ్యి.

మార్చిలో మండలికి నీ మీద వెళ్ళిన ఫిర్యాదు నా అరుగు మీద తయారైంది. చిసాలే, ఇంకో ఇద్దరు పెద్దలు వచ్చారు. చిసాలే రాసుకొచ్చిన దాంట్లో "కొత్త పాస్టరు గర్విష్ఠి, మమ్మల్ని లెక్కచెయ్యడు" అని ఉంది. ఇలా రాస్తే మండలిలో నవ్వుతారు అన్నాను. అక్కడితో ఆగి, ఇళ్ళకి పొండి, ఆయనతోనే మాట్లాడుకోండి అని ఉంటే ఈరోజు నేను మనిషిని. ఆగలేదు. కళ్ళజోడు పెట్టుకున్నాను. గర్విష్ఠి అన్న మాట కొట్టేసి, "రెండేళ్ళు మా మధ్య ఉండి, మాలో ఒక్కరి తల్లి పేరు కూడా తెలుసుకోని కాపరి" అని రాశాను. ముగ్గురూ బాగుందన్నారు. నాకూ బాగుందనిపించింది. సంతకం మాత్రం పెట్టలేదు. సంతకం పెట్టలేదు కాబట్టి అది నా ఉత్తరం కాదని ఈ మూడు నెలలూ నాకు నేనే చెప్పుకున్నాను. తడిగుడ్డతో గొంతు కోయడం అంటారే, అది ఇదే. నా చేతికి రక్తం కూడా అంటలేదు.

మొదటి ఉత్తరంలో గడియారం సంగతి రాశాను. నువ్వు గడియారం చూసిన మాట నిజం. దానికి ముందురోజు ముసలమ్మ పోయిందని తెలిసి, "కొత్తాయనకి ఆ అమ్మ ఎవరో ఏం తెలుసులే" అని నేను చిసాలేతో అన్న మాట కూడా నిజం. అది రాయలేదు. అతను నావైపు తిరుగుతాడని తెలిసే నేను ముందువరసలో కూర్చున్నాను. నీ సామాను లారీకెక్కిన రోజు మోకాళ్ళు కూడా బాగానే ఉన్నాయి.

ఎందుకు చేశానని నువ్వు అడగాలి. అడగకపోయినా చెప్తాను.

నేను రిటైరైనప్పుడు మండలి ఛైర్మన్ పిలిచి, చివరగా పనిచేసిన ఊళ్ళో స్థిరపడటం పద్ధతి కాదని గుర్తు చేశాడు. ఇది నా భార్య ఊరు, మన ఆచారం ప్రకారం మొగుడు పెళ్ళాం ఊళ్ళో ఉండాలి, నన్నెక్కడికి పొమ్మంటారు అన్నాను. ఆయన నవ్వి వదిలేశాడు. పన్నెండేళ్ళు పాస్టరు ఇంట్లో అయ్యగారిగా ఉండి, ఒక సోమవారం ఉదయం సామాను రెండొందల గజాలు అవతలికి మోయించి, ఎనెలెసి వాళ్ళ అమ్మ కట్టిన ఇంట్లో దిగాను. నువ్వు పాస్టరు ఇంట్లో దిగావు. ఆ వారంలోనే ఎనెలెసి అన్న జైలోసి వచ్చాడు. ఊరిపెద్ద ఆయన. నా అరుగు మీద కూర్చుని తాపీగా పొగాకు చుట్టుకున్నాడు.

"బావా, ఇక నువ్వు అయ్యగారివి కావుగా?"

"కాను."

"అయితే రేపు అల్లుళ్ళందరూ గాదె కప్పుకి గడ్డి కొయ్యడానికి పోతున్నారు. కొడవలి ఉందా, నన్నివ్వమంటావా?"

ఆయన ఎగతాళికి అనలేదు. అదే పద్ధతి. ఇంటల్లుడు అంటే పని చేసేవాడు, మాట్లాడేవాడు కాదు. గడ్డి కోయాలి, చావింటికి కట్టెలు కొట్టాలి, ఊరి మాట దగ్గర వెనక కూర్చోవాలి. అరవై అయిదేళ్ళ వయసులో, ఇరవై ఏళ్ళ కుర్ర అల్లుళ్ళతో. మోకాళ్ళ నొప్పని చెప్పి తప్పించుకున్నాను. తర్వాతి వారం నాబండా ముసలమ్మ చావు. నేను ప్రార్థనకి లేచి నిలబడగానే జైలోసి నేల మీద కూర్చుని తల వంచాడు. అరగంట సేపు ఆ తల ఎత్తలేదు. నేను ఆ తలనే చూస్తూ ప్రార్థన పొడిగించాను వైసన్. దేవుడు విన్నాడో లేదో నాకు తెలియదు, నేను మాత్రం దేవుడితో మాట్లాడలేదు.

ఆ తర్వాత ప్రతి చావుకీ, ప్రతి పెళ్ళికీ అదే. నువ్వు పుస్తకంతో నిలబడటం, నేను పుస్తకం లేకుండా లేవడం. తర్వాత జనం నా అరుగు మీదకి రావడం మొదలుపెట్టారు. నీ ప్రసంగం ఎలా ఉందో చెప్పేవారు. నేను తల పంకించేవాణ్ణి, "కుర్రవాడు, నేర్చుకుంటాడులే" అనేవాణ్ణి. ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో అంత విషం. దయగా కనిపిస్తుంది, మనిషిని చిన్న చేస్తుంది.

చిసాలేని నువ్వు బల్లకు దూరం పెట్టిన రోజు సాయంత్రం అతను నా అరుగు మీదకి వచ్చి ఏడ్చాడు. నేను అతని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాను. ఆ రెండో ఇల్లు వదిలావా అని అడగలేదు. అతని భార్య ఫలేసి పేరే నా నోట రాలేదు. మర్నాడు "పెద్దయ్యగారు నన్ను క్షమించేశారు" అని అతను ఊరంతా చెప్పుకున్నాడు. నెల తర్వాత బల్ల దగ్గర ముందువరసలో కూర్చున్నాడు. నువ్వు రొట్టె పళ్ళెం చేతిలో పట్టుకుని అతని ముందు ఆగిపోయావు. నువ్వు నావైపు చూశావు. జనమంతా నావైపు చూశారు. నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నట్టు కూర్చున్నాను. నువ్వు అతన్ని దాటి వెళ్ళావు, సగంమంది లేచి బయటికి నడిచారు. ఆ రోజుతో నీ పని అయిపోయింది. నాకు అప్పుడే తెలుసు.

నేను కుర్రవాడిగా మొదటి సంఘానికి వెళ్ళినప్పుడు నాకు ముందున్న ముసలి పాస్టరు తాళాలు చేతిలో పెట్టి, ఆ సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ ఊరు రాలేదు. పెళ్ళిళ్ళకి పిలిస్తే "మీ అయ్యగారు ఉన్నారుగా" అని కబురు పంపేవాడు. తాను పెంచిన పిల్ల పెళ్ళికి కూడా రాలేదు. ఎంత రాతిగుండె మనిషి అనుకున్నాను. నేను ఆ ఊళ్ళో నెగ్గుకొచ్చింది నా తెలివి వల్లనే అని నలభై ఏళ్ళు అనుకున్నాను. ఆయన నాకు ఆ ఊరిని వదిలి ఇచ్చాడని ఇప్పుడు తెలుస్తోంది. నీకు నేను తాళాలు మాత్రమే ఇచ్చాను.

రాజీనామా వెనక్కి తీసుకోమని మళ్ళీ అడుగుతున్నాను, ఈసారి సలహాగా కాదు. నువ్వు పాస్టరుగా ఉండకపోతే ఆ పాపం నాది. అది మోసే శక్తి నాకు లేదు.

లెవిసన్

*

చిమ్వాలా,
8 జూలై 1996

వైసన్,

ఇంకా పన్నెండు రోజులు ఉన్నాయి. అందుకే మళ్ళీ రాస్తున్నాను, ఈ మధ్య చేసినవి చెప్పడానికి.

మండలి ఛైర్మన్‌కి ఉత్తరం రాశాను. ఫిర్యాదులో ఏ వాక్యం నాదో రాశాను, సంతకం పెట్టాను. చిసాలే విషయంలో నేను చేసింది కూడా రాశాను. దాచుకున్నది ఏమీ లేదు.

తర్వాత ఫలేసి ఇంటికి వెళ్ళాను. చిసాలే మళ్ళీ బల్ల దగ్గర కూర్చున్న ఆ ఆదివారం నుంచి ఆమె మందిరానికి రావడం లేదు. స్త్రీల సమాజం బట్టలు, ఆ తెల్ల రవిక, నల్ల పావడా కూడా మడిచి వెనక్కి ఇచ్చేసింది. వాకిట్లో మొక్కజొన్న దంచుతోంది. నన్ను చూసి రోకలి ఆపింది. క్షమించమని అడిగాను.

"పెద్దయ్యగారూ, ఆయన తల మీద చెయ్యి పెట్టినప్పుడు నా తల గుర్తొచ్చిందా మీకు?"

"రాలేదమ్మా."

"చిన్నయ్యగారికి వచ్చింది. ఆయన మా ఇంటికి ఊళ్ళో అనుకున్నట్టు రెండుసార్లు కాదు, ఆరుసార్లు వచ్చారు. నా కోసం వచ్చారు. మా ఆయన ఇంట్లో లేనప్పుడు వస్తే బాగోదని లిజినెట్ అమ్మగారిని వెంటబెట్టుకుని వచ్చేవారు. మా అమ్మ పేరు ఆయనకి తెలుసు. మా అమ్మమ్మ పేరు కూడా తెలుసు."

ఇది విన్నాక నా వాక్యం నా ముఖాన కొట్టినట్టయింది. ఆమె మళ్ళీ రోకలి అందుకుంది. క్షమించానని అనలేదు, నేను రెట్టించలేదు.

ఆదివారం మందిరంలో లేచి నిలబడి అంతా చెప్పాను. చిసాలే లేచి, "పెద్దయ్యగారికి వయసు మీద పడింది, ఎవరూ పట్టించుకోకండి" అని కూర్చున్నాడు. బయటికి వస్తుంటే ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. "ఎంత తగ్గింపు మనసు చూడు మా పెద్దయ్యగారిది. ఆ కొత్తాయన ఏనాడైనా ఇలా ఒప్పుకున్నాడా?" నా తప్పు ఒప్పుకున్నా నిన్నే తక్కువ చేసే జనాన్ని తయారుచేసి పెట్టాను. ఇది ఒక్క ఆదివారంలో అయిన పని కాదు, ఒక్క ఆదివారంలో పోదు.

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. న్చిసిలో మా అక్క ఊరుంది. అక్కడికి వెళ్ళిపోతాను, నువ్వు తిరిగి చిమ్వాలాకే రావచ్చు అని ఎనెలెసితో చెప్పాను. బట్టలు సర్దుకోమన్నాను.

"వెళ్ళండి. నేను రాను" అంది.

"అదేంటి?"

"ఇది మా అమ్మ ఇల్లు. మీ వెనక ఏడు ఊళ్ళు తిరిగాను. ప్రతి ఊళ్ళోనూ ఎవరికీ నా పేరు తెలీదు, అయ్యగారి భార్య అనేవాళ్ళు. ఒక్కరోజు గొణగలేదు. ఇప్పుడు మా ఊళ్ళో మీరు ఎనెలెసి మొగుడు అనిపించుకోవడానికి ఇంత కష్టమా?"

మర్నాడు జైలోసి దగ్గర కొడవలి అడిగి, గడ్డి కోయడానికి కుర్ర అల్లుళ్ళ వెనక నడిచాను. జైలోసి కాసేపు చూసి, "బావా, ప్రసంగం కాదిది, నడుం వంచాలి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను. నడుం మాత్రం నాలుగు రోజులు నొప్పి పెట్టింది.

నువ్వు రా వైసన్. నేను ఊళ్ళో ఉంటాను గాని దారికి అడ్డం ఉండను. ఇరవయ్యో తారీఖు లోపల ఛైర్మన్‌కి కబురు పెట్టు. ఇంతకంటే ఎలా అడగాలో నాకు తెలియడం లేదు.

ఎనెలెసి భర్త,
లెవిసన్

*

కసుంగు,
11 ఆగస్టు 1996

పెద్దయ్యగారికి, అమ్మగారికి,

వైసన్, లిజినెట్ నమస్కారాలు. చిన్నదానికి నాలుగు పళ్ళు వచ్చాయని ముందు అమ్మగారికి చెప్పండి. అది పుట్టిన రోజు మంత్రసాని రాకముందే అమ్మగారు వచ్చి చేతుల్లోకి తీసుకున్నారు. మా ఇంట్లో ఆవిడ పేరు రోజూ వినిపిస్తుంది, పాపకి ఆ పేరే పెట్టాం కదా.

మీ మూడు ఉత్తరాలూ అందాయి. మొదటిది చదివి లిజినెట్ పొయ్యిలో వేస్తానంది, నేను ఆపాను. అందులో మీరు రాసినవన్నీ నిజమే, అదే బాధ. నేను గడియారం చూశాను. కుర్చీ కోసం నిలబడ్డాను. చిమ్వాలాలో నేను బాగా పనిచేశాననీ, మీరే పాడుచేశారనీ చెప్పుకోవడం నాకు సులువు. కాని అది సగం నిజం.

ఆ వాక్యం మీదని నాకు ముందే తెలుసు. మార్చిలో మండలి ముందు నన్ను నిలబెట్టి ఫిర్యాదు చదివారు. తల్లి పేరు దగ్గరికి వచ్చేసరికి నాకు అర్థమైంది. చిసాలే అలా రాయలేడు. నాకు బాధ్యత అప్పగించిన రోజు మీరు ప్రసంగ పీఠం మీద నుంచి దాదాపు అదే మాట నాతో అన్నారు. ఎవరు రాసి ఉంటారని ఛైర్మన్ నన్నడిగారు. తెలియదన్నాను. పేరు చెబితే మిమ్మల్ని ఊరు వదలమంటారు. మీతోపాటు అమ్మగారు వాళ్ళ అమ్మ ఇల్లు వదలాలి. అది నా వల్ల కాలేదు.

నన్ను పంపించేసింది ఆ ఫిర్యాదు అనుకుంటున్నారు మీరు. కాదు. మండలి నాకు వేరే ఊరు ఇస్తానంది. నేను ఒప్పుకుని, చిమ్వాలాలో చివరి ఆదివారం ప్రసంగానికి లేచాను. మీరు మూడో వరసలో కూర్చుని దగ్గారు. నేను ఆగిపోయాను. మీరు ఏమైనా చెప్తారేమోనని నా అంతట నేనే ఆగిపోయాను. మీకు ఉత్తినే దగ్గు వచ్చింది. రెండేళ్ళుగా నేను దేవుడి మాట వినడం మానేసి మీ దగ్గు వింటున్నానని అప్పుడు తెలిసింది. ఏ ఊరు వెళ్ళినా ఎవరో ఒకరు దగ్గుతారు. పీఠం దిగి ఇంటికి వెళ్ళి రాజీనామా రాశాను.

ఇరవయ్యో తారీఖున మండలిలో మీ ఉత్తరం పైకి చదివారు. మిమ్మల్ని ఊరు వదలమనే మాట ఎవరూ ఎత్తలేదు. ఛైర్మన్ కళ్ళు తుడుచుకుని, "వైసన్, ఇప్పుడు వెనక్కి తీసుకుంటావుగా" అన్నారు. తీసుకోలేదు. మిమ్మల్ని శిక్షించడానికి కాదు. మీ ఉత్తరం వచ్చినా నాలో ఆగిపోయింది మళ్ళీ కదలలేదు. ఒకవేళ ఒకనాడు కదులుతుందేమో, తెలియదు. ఆ పాపం మీదేనా అంటే కొంత మీదే. మోయండి. మిగతాది నేను మోస్తున్నాను. క్షమించానా అంటే, అవును, లిజినెట్ ఇంకా లేదు. ఆవిడకి టైము కావాలి.

ఇక్కడ ప్రాథమిక పాఠశాలలో ఉద్యోగం దొరికింది. అరవై ఎనిమిది మంది పిల్లలు, పదకొండు బల్లలు. ఆదివారం చివరి వరసలో కూర్చుంటాం. ఇక్కడి పాస్టరు నాకంటే చిన్నవాడు. పోయినవారం ఒక చావింటికి వెళ్ళాం. ఒక పెద్దమనిషి నన్ను గుర్తుపట్టి, "మీరు పాస్టరు గారు కదూ, రండి, ప్రార్థన మీరు చెయ్యండి" అన్నాడు. లేవబోయాను, నిజం చెప్తున్నాను. కాళ్ళు వాటంతట అవే లేచాయి. అప్పుడు మీరు నాకు బాగా అర్థమయ్యారు. "మీ అయ్యగారు అక్కడ ఉన్నారు" అని కూర్చున్నాను. ఆ కుర్రాడు ప్రార్థన సరిగ్గా చెయ్యలేదు. పోయినావిడ పేరు ఒకసారి తప్పు పలికాడు. నేను గట్టిగా ఆమేన్ అన్నాను.

అక్టోబరులో మీకు కొత్త పాస్టరు వస్తున్నాడని విన్నాను. మఫూట అని, నాకు సెమినరీలో జూనియరు. నెమ్మదైన మనిషి, కొంచెం నత్తి ఉంది. మొదటి వారమే జనం మీ అరుగు మీదకి వస్తారు. ఆయన నత్తి ఎలా ఉందో అభినయించి చూపిస్తారు. మీరు వినకుండా ఉండలేరు, నాకు తెలుసు. ఉండమని కూడా అడగను. విన్న తర్వాత మాత్రం "ఇది ఆయనతోనే చెప్పుకోండి" అనండి. ఆ రెండేళ్ళలో ఒక్కసారి మీరు ఆ మాట అని ఉంటే, ఇవన్నీ ఉత్తరంలో రాయాల్సిన పని ఉండేది కాదు. రెండొందల గజాలు నడిచి వచ్చి చెప్పేవాణ్ణి.

ఇట్లు,
వైసన్ కపిరి
ఐదో తరగతి మాస్టారు